పప్పు తింటే కుట్లు చీము పడతాయా?

నాకు 26 ఏళ్లు. తొలి కాన్పు, సిజేరియన్ అయి 18 రోజులైంది. పుట్టింట్లో ఉన్నాను. అమ్మమ్మ పథ్యం గట్టిగా పెడుతోంది. రెండు పూటలా వెల్లుల్లి కారం, నెయ్యి అన్నం. రోజుకు మూడు గ్లాసుల కాచిన నీళ్లే, ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందట. పప్పు తింటే కుట్లు చీము పడతాయట, పెరుగు, పండ్లు తింటే పాపకు జలుబట. నాలుగు రోజులకోసారి విరేచనం, అదీ నరకం. పాలు చాలడం లేదని మూడుసార్లు డబ్బా పాలు పడుతున్నాం. ఊరికే ఏడుపొస్తోంది. అమ్మమ్మ ఆరుగురిని కన్న మనిషి, ఎదురు చెప్పలేను.
– ఓ బాలింత

ముందు నీళ్ల సంగతి చూద్దామమ్మా. పూర్తిగా పాలిచ్చే తల్లి ఒంట్లోంచి రోజుకు దాదాపు ముప్పావు లీటరు పాలు వెళ్తాయి. అందులో నూటికి 87 పాళ్లు నీళ్లే. మీ మూడు గ్లాసులూ కలిపితే అంతే. అన్నం, కూరల్లో ఉన్న తడితో ఒళ్లు నెట్టుకొస్తోందన్నమాట. దాని ఫలితమే గట్టిపడిన మలం. మూత్రంలో మంట కూడా మొదలుకావచ్చు. నీళ్లకు పొట్ట పెరగదు. గర్భసంచి మామూలు సైజుకు రావడానికి ఆరు వారాలు పడుతుంది, సాగిన పొట్ట కండరాలకు ఇంకా ఎక్కువ కాలం కావాలి. పొట్ట ఎత్తుగా కనిపించేది అందుకే. కాచిన నీళ్లే తాగండి, కాకపోతే పాపకు పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు. పది సార్లకు రెండున్నర లీటర్లవుతాయి.

నీళ్లు పెంచాక, రాత్రి పెద్ద గ్లాసుడు నీళ్లలో రెండు చెంచాల ఇసబ్‌గోల్ కలిపి వెంటనే తాగి, పైన ఇంకో గ్లాసు తాగండి. నీళ్లు పెంచకుండా ఇది వేసుకుంటే పేగులో ముద్దకట్టి ఇంకా బిగుస్తుంది. ఐరన్ మాత్ర వల్ల కూడా కొంత మలబద్ధకం ఉంటుంది, అయినా మానొద్దు. కాన్పయ్యాక 180 రోజులు వేసుకోవాల్సిన మాత్ర అది. కాఫీ, టీలకు, కాల్షియం బిళ్లకు రెండు గంటలు ఎడంగా వేసుకోండి.

ఇక పప్పు. చీము పట్టించేవి సూక్ష్మజీవులు. కుట్ల దగ్గర చెమ్మ, మురికి, అదుపులో లేని షుగరు వాటికి దారిస్తాయి. పప్పు చేసేది అందుకు విరుద్ధం, కోసిన చోట కొత్త కండ అల్లుకోవడానికి కావలసిన మాంసకృత్తులు అందులోనే ఉన్నాయి. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకు 600 కేలరీలు, సుమారు 17 గ్రాముల మాంసకృత్తులు అదనంగా కావాలి. రెండు గుడ్లు, ఓ గిన్నె చిక్కటి పెసరపప్పుతో ఆ మాంసకృత్తులు వచ్చేస్తాయి. గుడ్డు తినని ఇల్లయితే పాలు, పెరుగు, పప్పు కలిపి లెక్క సరిచేసుకోవాలి. జలుబు వైరస్‌తో వస్తుంది. పాపను ముద్దాడే చుట్టాలను ఆపండి, మీ పెరుగన్నాన్ని కాదు. జామకాయ, నిమ్మరసం తీసుకుంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. అమ్మమ్మ పథ్యమంతా తప్పని కాదు, వెల్లుల్లి కారం భేషుగ్గా తినండి. మునగాకు వేసిన తెలగపిండి కూర అడిగి మరీ చేయించుకోండి.

పాలు నిజంగా చాలడం లేదా? పాప ఏడుపును బట్టి చెప్పలేం. రోజుకు ఆరుసార్లకు పైగా మూత్రం పోస్తోందా, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగొచ్చిందా, అక్కడినుంచి రోజుకు 25–30 గ్రాములు పెరుగుతోందా అన్నది చూడాలి. దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో తూకం వేయించండి. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత ఊరుతుంది. డబ్బా పట్టిన పూట రొమ్ము నిండే ఉండిపోతుంది, మర్నాడు ఊట తగ్గుతుంది, ఇంకో డబ్బా పడుతుంది. ఈ గిరకను వెనక్కి తిప్పాలంటే రాత్రి పాలు సహా రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టాలి. కుట్లు నొక్కుకోకుండా పాపను చంక కిందుగా, కాళ్లు మీ వెనక్కి ఉండేలా దిండు మీద పెట్టుకోండి. చనుమొన ఒక్కటే కాదు, నల్లటి వలయం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. డబ్బాను ఒక్కసారిగా ఆపొద్దు. తూకం చూసుకుంటూ డాక్టరు చెప్పినట్టు తగ్గించండి.

మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసిన ఏడుపే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. నాలుగైదో రోజున వచ్చే దిగులు రెండు వారాల్లో దానంతటదే పోవాలి. మీకు 18 రోజులు దాటింది. పాప నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం ఉంటే ఈ వారమే డాక్టరుకు చెప్పండి. రక్తహీనత, థైరాయిడ్ కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ పరీక్షలు అడగండి. మీకుగానీ పాపకుగానీ హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకండి, ఇంట్లో చెప్పి ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. జ్వరం 100.4 దాటినా, కుట్లు ఎర్రబడి కారినా, ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా, చూపు మసకబారేంత తలనొప్పి వచ్చినా ఆగకుండా వెళ్లాలి.

అమ్మమ్మతో వాదన పెట్టుకోకండి. తూకానికి వెళ్లే రోజు ఆమెనూ ఆస్పత్రికి తీసుకెళ్లి, ‘పప్పు పెట్టొచ్చా, నీళ్లు ఎన్ని తాగాలి’ అని డాక్టరును ఆమె చేతే అడిగించండి. చీటీ మీద రాయించుకుని వంటింట్లో అతికించండి. మొదట పల్చటి పెసరకట్టుతో మొదలుపెట్టి, మూడు రోజులయ్యాక కుట్లు ఆమెకే చూపించండి.