ఆదివారం సంఘానిదే అయితే, ఇంటివాళ్లకి ఏ వారం?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. సికింద్రాబాద్‌లోని మా చర్చిలో నాలుగేళ్లుగా సండే స్కూల్ సూపరింటెండెంట్‌ని. అరవై మంది పిల్లలు, ఏడుగురు టీచర్లు. ఎనిమిదికి సండే స్కూల్, తొమ్మిదిన్నరకి ఆరాధన. పదకొండున్నరకి ఆరాధన అయిపోయినా నేను ఇల్లు చేరేసరికి రెండవుతుంది. మావారికి ఆదివారం ఒక్కటే సెలవు. ‘ఆరు రోజులు నేనుండను, ఏడో రోజు నువ్వుండవు’ అంటున్నారు. పోయినేడాది కోత పండుగ (పంటలో కొంత దేవునికి కానుకగా తెచ్చే పండుగ) రోజున అటునుంచి అటే పిల్లల్ని బయటికి తీసుకెళ్దామనుకున్నాం. ఆ కానుకల వేలం అయ్యేసరికి మూడు దాటింది, కారులోనే గొడవైంది. బాబుకి 11 ఏళ్లు, సండే స్కూల్‌కి రానంటున్నాడు. పాపకి 6. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఈ నెలాఖరున మళ్లీ పండుగ. సేవ మానేయమంటారా?

జవాబు: మానేయక్కర్లేదమ్మా. పండుగ ముందు పెట్టుకుని అసలే వద్దు. ఇప్పుడు కోపంలో దిగిపోతే క్రిస్మస్ నాటికి ఎవరో ఒకరు బతిమాలి మళ్లీ ఎక్కిస్తారు, ఇంట్లో మీ మాటకి విలువ ఇంకాస్త తగ్గుతుంది.

మీరు రాసిన టైములు ఒకసారి చూడండి. ఎనిమిది నుంచి పదకొండున్నర వరకూ జరిగేదాన్ని మీవారు ఎక్కడా తప్పుపట్టలేదు. ఆయన ఒళ్లు మండేది పదకొండున్నరకీ రెండుకీ మధ్య. ఆ రెండున్నర గంటల్లో ఏం జరుగుతుందో ఈ ఆదివారం ఒక కాగితం మీద రాసి పెట్టండి. పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులు, ‘మా పాపకి పాట ఎందుకివ్వలేదక్కా’ అని అడిగేవాళ్లు, కానుక లెక్క, రిజిస్టర్లు, స్టోర్ రూమ్ తాళం, కమిటీ పెద్దల ‘ఒక్క నిమిషం అమ్మా’. ఏదీ పెద్ద పని కాదు. ఒక్కోదానికి పది నిమిషాలు. అవన్నీ మీరొక్కరే చేయడం వల్ల ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబడుతున్నాయి.

బైబిల్లో నిర్గమకాండము 18వ అధ్యాయం మీరు పిల్లలకి చెప్పే ఉంటారు. మోషే మామగారు యిత్రో అరణ్యానికి వచ్చింది ఒట్టి చేతులతో కాదు, మోషే భార్య సిప్పోరానీ ఇద్దరు కొడుకుల్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. మర్నాడు అల్లుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం మధ్యే కూర్చోవడం చూసి, ఇలా అయితే నలిగిపోతావని చెప్పాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతుల్ని పెట్టమన్నాడు. కొడుకుల్ని తెచ్చి అప్పజెప్పిన మామగారే ఆ సలహా ఇచ్చాడన్నది మనం పాఠంలో సాధారణంగా దాటేస్తాం.

మీ ఏడుగురిలో ఇద్దరికి ముగింపు పనులు ఇవ్వండి. ఒకరికి గేటు: ఏ పిల్లని ఎవరి చేతికి అప్పగించారో రిజిస్టర్‌లో సంతకం తీసుకునే పని. ఇంకొకరికి కానుక లెక్క, తాళం. కానుక ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, కాబట్టి కొయిర్ (పాటల బృందం)లోనో స్త్రీల సమాజంలోనో ఒకరిని అడగండి. తల్లిదండ్రుల ప్రశ్నలకి ఆదివారం జవాబు చెప్పకండి, బుధవారం సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఫోన్ చేయమనండి. మొదటి రెండు వారాలు లెక్క తప్పుతుంది, రంగు పెన్సిళ్లు కనబడవు, ఎవరో ముఖం ముడుచుకుంటారు. సరిదిద్దడానికి వెనక్కి వెళ్లారో, మూడో వారానికి తాళం మళ్లీ మీ హ్యాండ్‌బ్యాగ్‌లోకే వస్తుంది.

ఈ మార్పు గురించి పాస్టర్ అయ్యగారితో మాట్లాడాల్సింది ఆరాధన అయ్యాక మెట్ల మీద కాదు. వారం మధ్యలో వెళ్లి, ఒక పేజీ రాసి ఇవ్వండి: ఎవరు ఏ పని చేస్తారు, మీరు ఏ ఆదివారాలు సెలవు తీసుకుంటారు, ఆ రోజు మీ స్థానంలో ఎవరు. కమిటీ ఒప్పుకోకపోతే వచ్చే మే నెల వి.బి.ఎస్. (పిల్లల వేసవి బైబిల్ తరగతులు) ముగియగానే బాధ్యత అప్పగిస్తానని తేదీతో సహా అందులోనే రాయండి. అడిగితే వాళ్లు సాధారణంగా ఒప్పుకుంటారు. ఎవరూ అడగరు, అంతే.

సెలవు ఆదివారాల సంగతి. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి అడ్వెంట్ (క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల కాలం) మొదలయ్యేదాకా ఎనిమిది వారాలు వస్తాయి, ఒక్కో ఏడాది తొమ్మిది. ప్రభుబల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) ఉన్న ఆదివారాలు, కోత పండుగ, నవంబరు 14కి దగ్గరి ఆదివారం వచ్చే బాలల దినోత్సవం తీసేస్తే మీ చేతిలో నాలుగో ఐదో మిగులుతాయి. అందులో రెండు పూర్తిగా ఇంటికి ఇవ్వండి: ఆరాధనకి కుటుంబంతో వెళ్లి, బెంచీలో వాళ్ల పక్కన కూర్చుని, ముగింపు ప్రార్థన కాగానే బయటికి రండి. తేదీలు ఇప్పుడే క్యాలెండర్ మీద మీవారి చేత రాయించండి. నవంబరు సగం దాటితే స్కిట్ రిహార్సల్స్, ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడే క్యారల్ రౌండ్స్ మొదలవుతాయి, ఇక ఎవరి మాటా నిలబడదు.

బయటికి వెళ్లడానికి ఎక్కువ దూరం పెట్టుకోకండి. జూ పార్కు ఐదింటికి మూసేస్తారు. సికింద్రాబాద్ నుంచి బహదూర్‌పురా చేరి, ఆరేళ్ల పిల్లతో నడుస్తూ ఏనుగుని చూసేలోపే గంట కొడతారు. దాన్ని దసరా సెలవులకి ఉంచండి, సోమవారం మాత్రం మూసి ఉంటుంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు మీకు దగ్గర. అయితే కార్తీకమాసం ఆదివారాల్లో వనభోజనాల వాళ్లు పొద్దున్నే వచ్చి చెట్ల నీడలన్నీ పట్టేస్తారు. రెండు చాపలు, ఒక గొడుగు కారులో వేసుకోండి. ఈ రోజుల్లో ఆరు కాకముందే పొద్దు వాలుతుంది కాబట్టి ఒంటిగంటకల్లా అక్కడ ఉంటేనే పిల్లలకి ఆట మిగులుతుంది.

బిర్యానీ పార్శిల్ కోసం ఆదివారం లైన్లో నిలబడటంలోనే ముప్పావుగంట పోతుంది. ఐదుగురికి అరకిలో బియ్యం పులిహోర, పావుకిలో బియ్యం పెరుగన్నం సరిపోతాయి. పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, శనివారం రాత్రే పులుసు నూనె తేలేదాకా ఉడికించి పెట్టుకోండి. పొద్దున అన్నం పళ్లెంలో ఆరబెట్టి కలపాలి, వేడి మీద కలిపి డబ్బా మూస్తే ముద్దవుతుంది, మధ్యాహ్నానికి వాసన కూడా వస్తుంది. పెరుగన్నానికి పాలే ఎక్కువ పోసి ఒక చెంచా పెరుగు కలపండి, తినే వేళకి సరిగ్గా తోడుకుంటుంది. చికెన్ వద్దు, పార్క్ చేసిన కారులో నాలుగు గంటలు ఉంటే పాడవుతుంది. ఏడింటికి ఇడ్లీ తిన్న పాప పదకొండున్నర దాకా ఆగలేదు. సండే స్కూల్‌కీ ఆరాధనకీ మధ్య ఒక అరటిపండు, గుప్పెడు పల్లీలు పెట్టండి. మీరు రాసిన కారు గొడవలో సగం ఆకలిదే అయ్యుంటుంది.

మీవారికి ‘ఐదు నిమిషాల్లో వచ్చేస్తా’ అని చెప్పడం ఈ వారం నుంచి ఆపేయండి. ‘పన్నెండుంబావుకి గేటు దగ్గర ఉంటాను’ అనండి, పన్నెండుకే ఉండండి. ఆయన్ని మైకు పట్టుకోమని, సమోసాలు తెమ్మని పురమాయించకండి, ఉన్న ఒక్క సెలవూ పోయిందనుకుంటారు. ఎక్కడికి వెళ్లాలో ఆయన్నే తేల్చమనండి, అదీ గురువారం రాత్రికల్లా.

బాబు సంగతి కొంచెం వేరు. సూపరింటెండెంట్ కొడుకు ఆ గదిలో మామూలు పిల్లాడిగా ఉండలేడు. ఎవరైనా రాకపోతే ఆ భాగం వాడికే వస్తుంది, కంఠత వాక్యం తడబడితే అందరూ మీవైపు చూస్తారు. వాడిని వేరే టీచర్ తరగతిలో వేసి, మీరు ఆ గదిలోకి వెళ్లకండి. ఖాళీ పడిన పాత్రకి వాడిని వాడుకోవడం ఈ క్రిస్మస్‌కి మానేయండి. ఇంటికొచ్చాక ఏం నేర్చుకున్నావని అడగొద్దు, ఎవరితో ఆడావని అడగండి. రెండు నెలల తర్వాత కూడా రానంటే, తరగతిలో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో ఆ టీచర్‌ని విడిగా కనుక్కోండి.

ఈ నెలాఖరు కోత పండుగ నాడు మాత్రం షికారు పెట్టుకోవద్దు. వేలం ఎప్పుడు ముగుస్తుందో పాడేవాళ్లకే తెలియదు. పిల్లల కార్యక్రమం వేలానికి ముందే పెట్టించండి, అది కాగానే మీ బాధ్యత అయిపోయినట్టు అయ్యగారికి ముందే చెప్పండి. ఆ తర్వాత విందులో వడ్డించడానికి లేవకుండా ఇంటివాళ్లతో బంతిలో కూర్చోండి. ఇవాళ్టి నుంచి అత్తయ్యగారు బియ్యం కడిగే ముందు పాప చేత ఒక పిడికెడు తీయించి డబ్బాలో వేయించనీయండి. పూటకొకటి చొప్పున మూడు వారాలకి కిలోకి కాస్త తక్కువ అవుతుంది, పండుగకి అది పాప కానుక. బాబుకి వేలంలో పాడే పని ఇవ్వండి, గుమ్మడికాయకి. సంఘం వేలంపాట కదా, ఐదు రూపాయల వస్తువు యాభైకి పోతుంది, అందుకే ఎంతవరకు పాడొచ్చో ఇంట్లోనే తేల్చి, డబ్బు వాళ్ల నాన్న జేబులో పెట్టండి. గెలిస్తే సాయంత్రం అత్తయ్యగారు దప్పళం పెడతారు. ఓడితే వంకాయలకి పాడమనండి, అవి చివర్లో వస్తాయి, అప్పటికి పోటీ తగ్గుతుంది.