లద్దాఖ్ యాత్రకు అప్పు సరే, ఆపదకు డబ్బేదీ?

ప్రశ్న: మేం హైదరాబాదులో ఉంటాం. మావారికి 36 ఏళ్లు, నాకు 33. ఇద్దరం ఉద్యోగులమే. ఆయనకు నెలకు చేతికి రూ.92,000, నాకు రూ.58,000 వస్తాయి. ఇంటి రుణం వాయిదా రూ.46,500 (ఇంకా రూ.44 లక్షలు బాకీ), కారు వాయిదా రూ.14,200, అత్తమామలకు పంపేది రూ.10,000, ఇంటి ఖర్చులు రూ.45,000, సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టేవి) రూ.20,000. ఆయన పేర రూ.50 లక్షల టర్మ్ జీవిత బీమా పాలసీ, కంపెనీ ఇచ్చే రూ.5 లక్షల ఆరోగ్య బీమా ఉన్నాయి. జూన్‌లో మా కారులోనే మనాలి మీదుగా లద్దాఖ్ వెళ్లి పాంగాంగ్, సో మొరిరి సరస్సులు చూసి రావాలని ఎన్నాళ్లుగానో కోరిక. నాలుగేళ్ల పాపను ఒంగోలులో మా అమ్మ దగ్గర ఉంచుతాం. 18 రోజులకు రూ.3.5 లక్షలవుతుందని లెక్క వేశాను. మా బ్యాంకు 14 శాతం వడ్డీతో మూడేళ్లకు వ్యక్తిగత రుణం ముందే మంజూరు చేసి ఉంచింది. అది తీసుకోవడం మేలా, లేక రూ.2 లక్షల ఎఫ్‌డీ రద్దు చేసి మిగతాది క్రెడిట్ కార్డు మీద పెట్టడం మేలా? అత్యవసరానికి కార్డు మీద రూ.4 లక్షల పరిమితి ఎలాగూ ఉంది. ఆగస్టులో ఆయనకు రూ.1.5 లక్షల బోనస్ వస్తుంది, దాంతో అప్పు కొంత తీర్చేస్తాం. ఖర్చుల పట్టిక, కారు పాలసీ జతచేశాను.

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది అందులోని ఒక్క వాక్యం కోసం. ‘అత్యవసరానికి కార్డు మీద రూ.4 లక్షల పరిమితి ఎలాగూ ఉంది’ అని మాటవరసకు అన్నట్టు రాశారు. మంచి జీతాలు వచ్చే ఇళ్లలోనే ఈ మాట ఎక్కువగా వింటున్నాను. విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

కార్డు పరిమితి మీ డబ్బు కాదు. మీకు అప్పివ్వడానికి బ్యాంకు ఈ రోజుకు ఒప్పుకున్న మొత్తం అది. రేపు తగ్గించే హక్కు దానికి ఉంది. ఎప్పుడు తగ్గిస్తుంది? జీతం ఖాతాలో పడటం ఆగినప్పుడు, ఎక్కడో ఒక వాయిదా తప్పినప్పుడు. అంటే మీకు ఆ డబ్బుతో నిజంగా పని పడ్డప్పుడే. తగ్గించలేదనే అనుకుందాం. వాడుకున్నది గడువులోగా కట్టలేకపోతే నెలకు మూడున్నర శాతం, ఒక్కోసారి ఆపైన కూడా వడ్డీ పడుతుంది. ఏడాదికి 40 శాతం పైమాటే. ఉద్యోగం పోయిన ఇంట్లో ఆ వడ్డీ ఎవరు కడతారు?

మీ లెక్కలే తీసుకుందాం. సిప్‌లు పక్కన పెడితే, నెల తిరిగేసరికి తప్పనిసరిగా కట్టాల్సినవి, పెట్టాల్సినవి కలిపి రూ.1,15,700. ఆరు నెలలకు సరిపడా ఉండాలంటే దాదాపు రూ.7 లక్షలు. మీ దగ్గరున్నది రూ.2 లక్షలు, అంటే రెండు నెలలకు కూడా చాలదు. మావారి ఉద్యోగం పోయినా నా జీతం ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. అప్పుడు నెలకు రూ.57,700 తక్కువ పడుతుంది, ఎఫ్‌డీ మూడున్నర నెలల్లో కరిగిపోతుంది. యాత్ర కోసం రుణం కూడా నెత్తిన పెట్టుకుంటే మూడు నెలలు కూడా గడవవు. ఎఫ్‌డీని ముందే యాత్రకు ఖర్చు చేసి ఉంటే మొదటి నెలలోనే చెయ్యి చాచాలి. ఈ రోజుల్లో కొలువుల సంగతి నేను మీకు చెప్పనక్కర్లేదు.

కాబట్టి రెండు మార్గాల్లో ఏది మేలు అన్న ప్రశ్నకు నా జవాబు: రెండూ వద్దు.

ఆ ‘ముందే మంజూరైన’ రుణం సంగతి. బ్యాంకు మిమ్మల్ని ప్రత్యేకంగా మెచ్చి ఇచ్చిందేమీ కాదు, జీతం ఖాతా ఉన్న ప్రతి ఫోనుకూ ఆ సందేశం వస్తుంది. రూ.3.5 లక్షలకు 14 శాతం చొప్పున మూడేళ్లకు నెలవారీ వాయిదా రూ.11,960 దాకా ఉంటుంది. వడ్డీయే రూ.80,000 దాటుతుంది. ప్రాసెసింగ్ రుసుము రెండు శాతమైతే జీఎస్టీతో కలిపి మరో రూ.8,000 పైన. ఇప్పుడు అన్ని ఖర్చులూ పోగా మీకు నెలకు మిగులుతున్నది రూ.14,300. అందులోంచి ఈ వాయిదా తీసేస్తే రూ.2,340 మిగులుతుంది. పాపకు జ్వరం వచ్చి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్తే అదీ అయిపోతుంది. 18 రోజుల సంబరానికి 36 నెలలు కడుతూ పోవాలి, చివరి వాయిదా నాటికి పాప రెండో తరగతిలో ఉంటుంది. ఇలాంటి హామీలేని అప్పులు శ్రుతి మించుతున్నాయనే 2023 నవంబరులో రిజర్వు బ్యాంకు వీటి రిస్కు వెయిటేజీని (అప్పు మునిగితే తట్టుకోవడానికి బ్యాంకు ఎంత మూలధనం పక్కన పెట్టాలో తేల్చే కొలమానం) 100 నుంచి 125 శాతానికి పెంచింది. ఇచ్చేవాళ్లను జాగ్రత్తపడమని నియంత్రణ సంస్థే హెచ్చరించిన అప్పును తీసుకునేవాళ్లు విహారయాత్రకు వాడతామంటే నేను ఊరుకోలేను.

ఇక బోనస్. చేతికి రాని డబ్బుతో అప్పు తీర్చే లెక్క గాలిలో దీపం. బోనస్ ఇవ్వాలో వద్దో కంపెనీ ఇష్టం, వాయిదా కట్టడం మాత్రం మీ ఇష్టం కాదు.

మిగతా దారుల గురించి కూడా అడుగుతారని తెలుసు కనుక: ఎఫ్‌డీని హామీగా పెట్టి తీసుకునే అప్పు (ఓవర్‌డ్రాఫ్ట్) వడ్డీ తక్కువే అయినా అది మీ అత్యవసర నిధికే ఎసరు పెడుతుంది. బంగారం కుదువపెట్టడం ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నప్పుడు చేయాల్సిన పని. వడ్డీ లేని వాయిదాలని చెప్పే నో కాస్ట్ ఈఎంఐలో కూడా లోపల దాగిన వడ్డీ మీద జీఎస్టీ మీరే కట్టాలి. రుణ యాప్‌ల పేరు నా దగ్గర ఎత్తవద్దు.

మీ ఖర్చుల పట్టిక చూశాను. శ్రద్ధగా వేశారు: పెట్రోలుకు రూ.55,000, బసకు రూ.1,15,000, తిండికి రూ.45,000, టైర్లు, సర్వీసింగుకు రూ.48,000, చలి దుస్తులకు రూ.27,000, కెమెరాకు రూ.60,000. సరిగ్గా రూ.3.5 లక్షలకు తెగింది. ‘అనుకోని ఖర్చులు’ అన్న వరుసే లేదు. వెళ్తున్నదేమో రోడ్డు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో కొండచరియలే నిర్ణయించే చోటికి. 2020 అక్టోబరులో మనాలి దగ్గర అటల్ సొరంగం వచ్చాక రోహ్‌తంగ్ కనుమ ఎక్కి దిగే బాధ తప్పింది కానీ, ఆ పైన బారలాచా లా, తంగ్‌లంగ్ లా కనుమలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకటి 4,800 మీటర్ల పైన, మరొకటి 5,300 మీటర్ల పైన. 2023 జూలైలో హిమాచల్‌లోని చంద్రతాల్ సరస్సు దగ్గర దాదాపు 300 మంది పర్యాటకులు మంచులో రోజుల తరబడి చిక్కుకుపోయారు. అదీ మండు వేసవి దాటీ దాటని రోజుల్లోనే. మీకూ అలా నాలుగు రోజులు ఆలస్యమైతే బస, తిండి, జీతం లేని సెలవు అన్నీ కలిసి మీదపడతాయి. ఆ డబ్బు కార్డు మీద ఉందంటారా? మీ హైదరాబాదు ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ ఉన్నా సరస్సుల దగ్గర సిగ్నల్ దొరికినంత సేపే. యూపీఐ లేదు, ఓటీపీ రాదు. అక్కడ చెల్లేది జేబులోని నోటే.

కారు పాలసీ కూడా తెరిచి చూశాను. అదనపు కవర్ల గడిలో జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగుదల కోయకుండా చెల్లించేది) ఒక్కటే ఉంది. ఇంజిన్ ప్రొటెక్షన్ లేదు, రోడ్డు పక్క సాయం లేదు. ఆ దారిలో మంచు కరిగిన నీళ్లు రోడ్డుకు అడ్డంగా పారుతుంటాయి, నాలాలంటారు. పొద్దున చీలమండ లోతున్న నాలా ఎండెక్కి మంచు కరిగేకొద్దీ మధ్యాహ్నానికి చక్రాలు మునిగేలా ఉరుకుతుంది. పాంగాంగ్ దారిలో ఒకదానికి పాగల్ నాలా అనే పేరు. కారు మధ్యలో ఆగి ఇంజిన్‌లోకి నీళ్లు పోయాక, కంగారులో మళ్లీ తాళం తిప్పితే లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మామూలు సమగ్ర పాలసీలో దీన్ని ప్రమాదం వల్ల నేరుగా జరిగిన నష్టంగా లెక్కించరు, క్లెయిము తిరస్కరిస్తారు. ఇంజిన్ బాగుచేయించడానికి లక్షల్లో అవుతుంది, పైగా ఆ కారు మీద ఇంకా వాయిదాలు కడుతున్నారు. ఎప్పుడు వెళ్లినా, కారులో వెళ్లేటట్టయితే ఇంజిన్ ప్రొటెక్షన్ కవరు లేకుండా అడుగు బయట పెట్టవద్దు.

మనుషుల బీమా ఇంకా పలచగా ఉంది. ఇంటి బాకీ రూ.44 లక్షలు, మీవారి టర్మ్ పాలసీ రూ.50 లక్షలు. బాకీ తీర్చాక పాపకు మిగిలేది రూ.6 లక్షలు. మీ పేర అసలు పాలసీయే లేదు. ఇల్లు నడుస్తున్నది ఇద్దరి జీతాల మీద అయినప్పుడు ఒక్కరికే బీమా ఏమిటి? ఆయనకు ఇంకో కోటి, మీకు కనీసం రూ.75 లక్షలు ఈ నెలలోనే తీసుకోండి. ఉద్యోగం పోయిన రోజే కంపెనీ ఆరోగ్య బీమా కూడా పోతుంది, కనుక ముగ్గురికీ కలిపి సొంత ఫ్లోటర్ పాలసీ ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్టీ ఎత్తేశారు, కాబట్టి ఖరీదన్న సాకు కొంత తగ్గింది. ఈ ప్రీమియంలకు మొదటి ఏడాది కావాల్సిన డబ్బు సిప్‌ల నుంచే తీయండి, ఎలాగో కింద చెబుతాను.

ఇంకో సంగతి రాయడం ఇబ్బందిగానే ఉంది, అయినా రాస్తున్నాను. ఆయనకు మీరు నామినీ, మీకు ఆయన నామినీ. ఇద్దరూ ఒకే కారులో, పాప ఒంగోలులో. పాలసీల్లో పాపను కూడా నామినీగా చేర్చి, మైనరు కనుక ఆమె తరఫున డబ్బు తీసుకునే వ్యక్తిగా మీ అమ్మగారి పేరో, మీరు నమ్మే మరొకరి పేరో రాయించండి. బ్యాంకు డిపాజిట్లకు 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఒక పూట పని.

ఇప్పుడు ఏం చేయాలంటే, యాత్రను వచ్చే ఏడాది జూన్‌కు వాయిదా వేయండి. పాంగాంగ్ ఎక్కడికీ పోదు. సిప్‌లను రూ.20,000 నుంచి రూ.5,000కు తగ్గించండి. మార్కెట్ పెరిగే సమయంలో సిప్ ఆపవద్దని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లెవరూ మీ ఇంటి వాయిదా కట్టరు. ఆగిన రూ.15,000లో రూ.5,000 బీమా ప్రీమియంలకు పక్కన పెట్టండి. మిగతా రూ.10,000, ఇప్పుడు మిగులుతున్న రూ.14,300 కలిపి నెలకు రూ.24,300 ప్రత్యేకంగా ఒక ఖాతాలో వేయండి. జీతం పడ్డ మర్నాడే ఆ ఖాతాకు వెళ్లిపోవాలి, దానికి డెబిట్ కార్డు తీసుకోవద్దు. ఏడాదికి రూ.2.9 లక్షలు దాటుతుంది. ఎఫ్‌డీతో కలిపితే రూ.4.9 లక్షలు, అంటే నాలుగు నెలల పైచిలుకు ఖర్చులు. ఆరు నెలలకు ఇంకా తక్కువే, అయినా ఆ స్థాయికి వచ్చాక యాత్రకు నేను అడ్డు చెప్పను. తిరిగొచ్చాక మిగతాది నింపాలి.

ఆగస్టు బోనస్ వస్తే అదే యాత్ర డబ్బు. రాకపోతే ఆ ఏడాది యాత్ర లేదు, అంతే. రూ.1.5 లక్షల్లో సొంత కారు యాత్ర కుదరదు. హైదరాబాదు నుంచి లేహ్ వరకే సుమారు 2,500 కిలోమీటర్లు, మీ 18 రోజుల్లో సగానికి పైగా నాగపూర్, ఝాన్సీ దారుల్లో లారీల వెనకే గడిచిపోతాయి. ఢిల్లీ మీదుగా లేహ్‌కు విమానంలో వెళ్లండి, టికెట్లు నెలల ముందే కొనండి. అక్కడ స్థానిక టాక్సీ మాట్లాడుకోండి. ఎనిమిది తొమ్మిది రోజుల్లో రెండు సరస్సులూ చూడవచ్చు. ఒక్క జాగ్రత్త: లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. విమానం దిగిన మొదటి రెండు రోజులు గది కదలకండి. సరస్సులు ఇంకా పైన, పాంగాంగ్ 4,200 మీటర్లకు, సో మొరిరి 4,500 మీటర్లకు పైన ఉంటాయి. ఊపిరి ఆడక ఆసుపత్రిలో చేరితే 24 గంటలు దాటిన చికిత్సకు ఆరోగ్య బీమా పనికొస్తుంది. అంతకు ముందు ఆక్సిజన్‌కూ, టాక్సీలో వెనక్కి దిగిరావడానికీ చేతిలో డబ్బే కావాలి. యాత్ర బడ్జెట్‌లో రూ.25,000 నగదుగా వేరే కవరులో పెట్టుకోండి, ఖర్చు కాకపోతే తిరిగొచ్చి ఆ ప్రత్యేక ఖాతాలో వేయండి.

కెమెరా మాత్రం కొనవద్దు. హైదరాబాదులో రోజువారీ అద్దెకు దొరుకుతాయి.