నీ వ్యాసంలో 'అట' ఎక్కడికి పోయింది?

చిరంజీవి చిన్నికి,

అత్త ఆశీస్సులు. ట్రాఫిక్ పోలీసుల మీద నువ్వు రాసిన అభిప్రాయ వ్యాసమూ, దాని అంచుల్లో నీ తరగతివాళ్లు రాసిన మాటలూ నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. ఒకమ్మాయి 'చాలా బాగుంది, సూపర్' అని రాసింది. ఇంకొకమ్మాయి 'ఇది అభిప్రాయం కాదు, పోలీసుల మీద కోపం' అని రాసింది. మొదటి మాటకు పొంగిపోయావనీ, రెండో మాటకు అన్నం కూడా సరిగా తినలేదనీ మీ నాన్న చెప్పాడు. నీకు మేలు చేసింది ఆ రెండో అమ్మాయే. ఇంకాస్త ఓపిక చేసుకుని, కోపం ఎక్కడ కనిపించిందో గీత గీసి చూపించి ఉంటే మరీ మేలు జరిగేది. ఆ పని ఇప్పుడు నేను చేస్తాను.

ముందు నీకు జరిగినదాని సంగతి. స్నేహితురాలి స్కూటర్ వెనక కూర్చుని వెళ్తున్నావు. ఆమెకు హెల్మెట్ ఉంది, నీకు లేదు. కూడలిలో ఒకాయన చెయ్యి అడ్డుపెట్టి బండి ఆపాడు, ఒక్క మాటైనా మాట్లాడకుండా తాళంచెవి లాగేసుకున్నాడు. వెనక బస్సు హారన్ మోగిస్తుంటే మీరిద్దరూ నడిరోడ్డు మీదినుంచి బండి తోసుకుంటూ పక్కకు వెళ్లారు. చదువుతుంటే నాకూ ఒళ్లు మండింది. నీ వ్యాసంలో గట్టి చోటు అదే. ఆ హారన్ మోత, స్టాండు వెయ్యడానికి వీల్లేని రోడ్డు వాలు, ఫోను తీయబోతే నీ వేళ్లు వణకడం. కానీ దానికి ఎనిమిది వాక్యాలే ఇచ్చావు. మిగతా రెండు పేజీలూ దేశంలోని పోలీసులందరి గురించి రాశావు.

అందులో 'ట్రాఫిక్ పోలీసులకు రోజూ టార్గెట్లు ఉన్నాయి' అని, అంటే రోజుకు ఇన్ని చలాన్లు రాయాలన్న లెక్క ఉందని, ఒక వాక్యం ఉంది. పోయిన ఆదివారం ఫోనులో నాతో ఏమన్నావో గుర్తు చేసుకో. 'టార్గెట్లు ఉన్నాయట అత్తా' అన్నావు. ఫోనులో ఉన్న ఆ 'అట' కాగితం మీదికి వచ్చేసరికి ఎక్కడికి పోయింది? నేను చూడలేదు, ఎవరో చెబితే విన్నాను అని ఒప్పుకోవడానికి మన భాషలో ఉన్న మాట అది. తీసేస్తే వాక్యం బలంగా వినిపిస్తుంది, నిజమే. కానీ చదివేవారు 'ఎవరు చెప్పారమ్మా?' అని అడిగితే నీ దగ్గర జవాబు లేదు. ఆ ఒక్కచోట నిన్ను నమ్మనివారు తాళంచెవి సంగతి కూడా నమ్మరు. నా బాధ అదే. ఎందుకంటే ఆ సంగతి నిజంగా జరిగింది.

నేను పత్రికలో చేరిన మొదటి సంవత్సరం ఇలాంటిదే ఒకటి రాశాను. ఆటో డ్రైవరు ఒకతను కూడలిలో కానిస్టేబులు చేతిలో నోటు పెట్టడం బస్సు కిటికీలోనుంచి చూశాను. ఆఫీసుకు వెళ్లి 'లంచం' అని రాసేశాను. మా డెస్కులో ఒక పెద్దాయన ఉండేవారు. కాపీ దిద్దేముందు ఎర్ర పెన్సిలు తీసుకుని ప్రతి వాక్యం పక్కనా ఒక అక్షరం వేసేవారు. చూసినదైతే 'చూ', విన్నదైతే 'వి', చదివినదైతే 'చ', అనుకున్నదైతే 'అ'. నా వాక్యం పక్కన 'అ' వేసి కాగితం వెనక్కి ఇచ్చారు. నేను వాదించాను, కళ్లారా చూశానన్నాను. 'నోటు చూశావు. లంచం అనుకున్నావు' అన్నారాయన. మర్నాడూ ఆ మర్నాడూ ఆ కూడలికి వెళ్లాను, ఆ ఆటో కనిపించలేదు. ఆ నోటు ఎందుకు చేతులు మారిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలియదు కాబట్టే ఆ వాక్యం కొట్టేశాను.

నీ వ్యాసానికి ఆ నాలుగక్షరాలు నేనే వేసి చూశాను. నలభై ఒక్క వాక్యాల్లో పన్నెండు 'చూ', తొమ్మిది 'వి', రెండు 'చ', మిగిలిన పద్దెనిమిదీ 'అ'. అభిప్రాయ వ్యాసంలో 'అ' ఉండకూడదని కాదు, అది ఉండాల్సిందే. దానికి ముందు దాన్ని మోసే 'చూ'నో 'చ'నో ఉండాలి. 'జరిమానాల పేరుతో పోలీసులు జేబులు నింపుకుంటున్నారు' అన్న వాక్యం దగ్గర నాకు అలాంటి ఆధారం కనిపించలేదు. పైగా చలాన్ డబ్బు ప్రభుత్వ ఖాతాకు వెళ్తుంది. చలాన్ రాయకుండా చేతిలో పెట్టించుకునేది లంచం. ఆ రెండూ వేర్వేరు ఫిర్యాదులు, ఒక వాక్యంలో ఇమడవు.

ఇక నీ పేపర్లో 'చ' చాలా తక్కువ. చట్టం చదవడానికి ఒక పూట చాలు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ తీసి చూడు. నడిపేవారే కాదు, వెనక కూర్చున్నవారు కూడా, నాలుగేళ్లు దాటితే, హెల్మెట్ పెట్టుకోవాలని అందులో ఉంది. 'వెనక కూర్చున్నవాళ్లకు కూడానా!' అని నువ్వు ఆశ్చర్యార్థకం పెట్టిన చోట చదివేవారు ఆగిపోతారు. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది, వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారు. నీలాగే, చిన్నీ. ఆ అంకె చదివినప్పుడు నాకు నీ ముఖమే కనిపించింది.

కాబట్టి బండి ఆపడం న్యాయమే. అది మొదటి పేరాలోనే ఒప్పుకో. ఒప్పుకున్నాక తాళంచెవి దగ్గరికి రా, అప్పుడు నీ గొంతుకు బలం వస్తుంది. 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి లైసెన్సు అడగవచ్చు, చూపించాలి. కొన్ని సందర్భాల్లో బండిని స్వాధీనం చేసుకునే అధికారం కూడా చట్టంలో ఉంది. నడిరోడ్డు మీద తాళంచెవి లాక్కోవచ్చని మాత్రం ఎక్కడా లేదు. ఇంకో ప్రశ్న. ఆయన కానిస్టేబులా, హోంగార్డా? నువ్వు చూశావా? చూడకపోతే 'విధుల్లో ఉన్న వ్యక్తి' అని రాయి. జరిమానా వెయ్యి రూపాయలని రాశావు. 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన సవరణలో ఉన్న మొత్తం అది. రాజీ రుసుము, అంటే కోర్టుకు వెళ్లకుండా కట్టే మొత్తం, ఎంతో రాష్ట్రాలే నిర్ణయించుకోవచ్చు కాబట్టి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మీ చలాన్ మీద ఎంత ఉందో చూసి అదే రాయి.

ఒక మాట కొంచెం కటువుగా చెప్తాను. ఆ మనిషిని వ్యాసమంతా 'వాడు' అన్నావు. ఆయన చేసింది తప్పే. అయినా 'ఆయన' అనే రాయి. 'వాడు' అనగానే చదివేవారి దృష్టి ఆయన చేసిన పనిమీదినుంచి నీ నోటిమీదికి మళ్లుతుంది. ఆ రెండో అమ్మాయికి కోపం కనిపించింది బహుశా అక్కడే. అలాగే ఒక్కరు చేసిన పనికి 'పోలీసులు' అని బహువచనం వాడకు. ఆయన పేరు, ఫొటో కూడా వ్యాసంలో వద్దు. పైఅధికారికి ఫిర్యాదు చెయ్యాలనుకుంటే అది వేరే కాగితం. అందులో తేదీ, సమయం, చోటు రాయి. మీ నాన్నను తోడు తీసుకుని వెళ్లి ఇవ్వు.

రెండో ప్రతి రాసేముందు ఏదో ఒక కూడలిలో గంటసేపు నిలబడు. పోయిన నెల మా వీధి చివర బస్సు కోసం నలభై నిమిషాలు నిలబడ్డాను. మధ్యాహ్నం ఒంటిగంట. బారికేడుకు తడిగుడ్డ చుట్టిన నీళ్ల సీసా వేలాడుతోంది. కానిస్టేబులు వంగి నంబరు ప్లేటు ఫొటో తీస్తున్నాడు. మోచేతికి హెల్మెట్ తగిలించుకుని వస్తున్న కుర్రాళ్లు ఆయన కనిపించగానే తలకు పెట్టుకున్నారు, మలుపు దాటగానే తీసేశారు. ఒకావిడ వెనక కూర్చుని, నంబరు ప్లేటు మీదికి చీర కొంగు జారవిడిచింది. అదే పనిగా చేసిందని నేను రాయను, కొంగు జారడం వరకే చూశాను. ఇలాంటివి నాలుగు నీ కళ్లతో చూస్తే, ఆ 'అ'ల్లో సగం వాటంతటవే రాలిపోతాయి.

టార్గెట్ల వాక్యం తీసేశాక ఖాళీ అయిన చోట ఏం రాయాలని అడుగుతావు. రాయితీల గురించి రాయి. తెలంగాణలో 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి పెండింగ్ చలాన్ల మీద రాయితీ ఇచ్చారు. రెండోసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతం. గడువులోగా మొత్తం కట్టినవారికి ఏం మిగిలింది? ఆగితే తగ్గుతుందని నేర్చుకున్నవారు తర్వాతి చలాన్ ఎందుకు కడతారు? నా దృష్టిలో ఇది నిజంగా వాదించదగిన విషయం, ఎవరి మీదా నింద వెయ్యకుండానే రాయవచ్చు.

ఇప్పుడు ఆ రెండో అమ్మాయి వ్యాసం నీ దగ్గరికి దిద్దడానికి వచ్చిందన్నావు. ఆమె పోలీసుల పక్షాన రాసింది. పగ తీర్చుకోవడానికి కూర్చోకు. అలాగని 'బాగుంది' అని రాసి పంపించకు, అది ఇంకా అన్యాయం. ఆమె అభిప్రాయం మార్చడం నీ పని కాదు. ఆమె అభిప్రాయం ఆమె వాక్యాల మీద నిలబడిందా లేదా చెప్పడమే నీ పని. ఒకసారి పైకి చదువు. ఎక్కడ ఆగిపోయావో అక్కడ పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి, ఎందుకు ఆగావో ఒక్క వాక్యం రాయి. ఆమె కూడా 50,029 అంకె వాడిందన్నావు, 'హెల్మెట్ ఉంటే వీళ్లంతా బతికేవాళ్లు' అని. అక్కడ చుక్క పెట్టు. చనిపోయినప్పుడు హెల్మెట్ లేదని అంకె చెబుతోంది. ఉంటే అందరూ బతికేవారని చెప్పడం లేదు. 'వీరిలో చాలామంది బతికే అవకాశం ఉండేది' అంటే సరిపోతుందేమో అని అడుగు. 'తప్పు' అని కొట్టెయ్యకు, అడుగు. ఆమెకు బాగా కుదిరిన వాక్యం ఒకటి ఉంటుంది, దాని కింద కూడా గీత గియ్యి, ఎందుకు బాగుందో రాయి.

ఆదివారం ఫోను చేస్తాను. ఈలోపు రెండో ప్రతి పంపు, అంచుల్లో నాలుగక్షరాలు నువ్వే వేసి. ఆమె పేపరు మీద నువ్వు రాసిన మాటలు కూడా ఫొటో తీసి పంపు, నాకు అవే ముఖ్యం. మీ నాన్న ఖాతాలో కొంత డబ్బు వేశాను. ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్ నీకొకటి కొనుక్కో. తలకు పెట్టుకుని, పట్టీ బిగించి, అటూ ఇటూ తిప్పి చూడు. కదిలితే ఆ సైజు వద్దు.

మీ అత్త