జులూ పల్లెలో స్వచ్ఛందంగా పాఠాలు చెప్పడం కెరీర్‌కు ఉపయోగపడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీఈడీ పూర్తి చేసింది. దక్షిణాఫ్రికాలోని ఒక జులూ పల్లె బడిలో కొన్ని నెలలు జీతం లేకుండా పాఠాలు చెప్పడానికి వెళ్తానంటోంది. డీఎస్సీకి చదవాల్సిన సమయంలో ఇది మంచిదేనా? అక్కడి జీవితానికి తట్టుకోగలదా?
– ఒక తండ్రి

జవాబు: డీఎస్సీ ఎంపిక రాతపరీక్ష, టెట్ మార్కుల మీద జరుగుతుంది కాబట్టి ఈ సేవకు అక్కడ ఒక్క మార్కు కూడా కలవదు. ఉద్యోగమే తక్షణ అవసరమైతే ముందు ఆ పరీక్ష రాయడమే మేలు. అయితే బోధననే తన వృత్తిగా ఎంచుకున్న అమ్మాయికి ఆ పల్లె బడి నేర్పేది చాలా ఉంటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

క్వాజులు-నటాల్ రాష్ట్రంలోని నోంగోమా, న్కాండ్లా వంటి గ్రామీణ ప్రాంతాల్లో పిల్లలు సాధారణంగా మూడో తరగతి వరకు జులూ భాషలో చదివి, నాలుగో తరగతిలో ఒక్కసారిగా ఇంగ్లీషులోకి మారవలసి వచ్చేది. ఈ ఇబ్బందిని తగ్గించడానికే 2025 నుంచి నాలుగో తరగతితో మొదలుపెట్టి మాతృభాషను కూడా వాడే ద్విభాషా బోధనను దశలవారీగా ప్రవేశపెడుతున్నారు. తెలుగు ఇంట్లో పెరిగి ఇంగ్లీషు మాధ్యమంలో కూర్చునే మన ప్రభుత్వ బడి పిల్లల కష్టం కూడా ఇదే కనుక, లెక్క తెలిసినా ప్రశ్న అర్థంకాక ఆగిపోయిన పిల్లవాడిని ఎలా ముందుకు నడిపించాలో మీ అమ్మాయి అక్కడ నేర్చుకుంటే, ఆ నేర్పు ఇక్కడి తరగతిలో మొదటి రోజు నుంచే పనికివస్తుంది.

ఇక రోజువారీ జీవితం. బడి ఉదయం ఏడున్నర, ఎనిమిది మధ్య మొదలై మధ్యాహ్నం రెండు దాటాక ముగుస్తుంది. చాలామంది పిల్లలు దూరం నుంచి నడిచి వస్తారు. పెద్ద వానలకు వాగులు పొంగిన రోజున సగం బల్లలు ఖాళీగా ఉండవచ్చు. బడిలో పెట్టే భోజనం మొక్కజొన్న, చిక్కుడు గింజలు, క్యాబేజీ, డబ్బా చేపల చుట్టూ తిరుగుతుంది కాబట్టి, మీ అమ్మాయి శాకాహారి అయితే ఆ మాట ముందే చెప్పాలి. పుతు అనే పొడిపొడి మొక్కజొన్న సంకటిని అమాసి అనే పులిసిన పాలతో తినడం మనవాళ్లకు త్వరగానే అలవాటవుతుంది. పుస్తకం అందించే పిల్లవాడు కుడిచేతిని చాచి, ఎడమచేతిని దాని ముంజేతికి ఆనించి, కళ్లు దించుకుంటాడు. అది గౌరవం, భయం కాదు, దాన్ని అలాగే అర్థం చేసుకోవాలి. తల్లిదండ్రులు పనికోసం డర్బన్, జొహన్నెస్‌బర్గ్ వెళ్లడంతో అమ్మమ్మలు, నానమ్మల దగ్గర పెరిగే పిల్లలు ఎక్కువ కనుక, వాళ్ల గురించి మాట్లాడవలసింది ఎక్కువగా ఆ ‘గోగో’లతోనే. బెత్తం ముట్టుకోకూడదు, 1996 చట్టం బడుల్లో శారీరక దండనను నిషేధించింది. సాయంత్రాలు నీళ్లకు, కరెంటుకు ఇబ్బంది ఉండవచ్చు. చీకటి పడ్డాక ఒంటరిగా బయటికి వెళ్లకూడదు. 1860 నుంచి కూలీలుగా వెళ్లిన తెలుగువారి సంతతి డర్బన్ పరిసరాల్లో ఉన్నా, ఆ పల్లెల్లో తెలుగు వినబడుతుందని ఆశపెట్టుకోవద్దు.

వెళ్లేముందు రెండు విషయాలు చూడండి. మామూలు పర్యాటక వీసా సరిపోదు, స్వచ్ఛంద సేవకు అనుమతి ఉన్న వీసా కావాలి. అక్కడి విద్యాసంవత్సరం జనవరిలో మొదలవుతుంది గనుక మన జూన్ లెక్కలతో తేదీలు పెట్టుకోకూడదు.

అన్నిటికంటే ముఖ్యంగా, జులూ మాట్లాడే స్థానిక ఉపాధ్యాయుల పక్కన నిలబడి పనిచేయిస్తారా, లేక వాళ్ల స్థానంలో తరగతిని అప్పగిస్తారా అని పంపే సంస్థను రాతపూర్వకంగా అడగండి. తరగతిని పూర్తిగా తన మీద వేస్తే అమ్మాయి నేర్చుకునేది తక్కువ, ఆమె తిరిగి వచ్చేశాక నష్టపోయేది ఆ పిల్లలు. ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం రాకపోతే, ఆ సంస్థ ద్వారా పంపవద్దనే నేను చెబుతాను.