ఉనికా? ఉన్నట్టా?

సందేహం: పాత కోటలు, రాజభవనాలు తిరిగి చూసిన ఒకరి అనుభవాలను ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తున్నాను. ఒక వాక్యాన్ని ‘ఆ చారిత్రాత్మక కట్టడంలో నేను ఒక అదృశ్య ఉనికిని అనుభూతి చెందాను’ అని రాశాను. మా అక్క చదివి, ‘ఉనికి’ బాగాలేదు, ‘సాన్నిధ్యం’ అని మార్చమంది. నాకు రెండూ అతకలేదు. ఇంట్లో ఒక్కళ్లమే ఉన్నప్పుడు కూడా ఎవరో ఉన్నట్టు అనిపిస్తుంది కదా, దానికి తెలుగులో మాట లేదా? దెయ్యానికీ భూతానికీ తేడా ఏమిటి? దయ్యం అని రాయాలా, దెయ్యం అనా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మాట లేదా అని అడుగుతూనే ఆ మాట మీరే రాసేశారమ్మా. ‘ఎవరో ఉన్నట్టు అనిపిస్తుంది’. అంతే. ఉత్తరం రాసేటప్పుడు చేతికి అలవోకగా వచ్చిన తెలుగు, అనువాదం అనగానే టెన్షన్‌తో బిగుసుకుపోయి ‘అదృశ్య ఉనికి’ అయింది. మీ ఒక్కరికే కాదు, అనువాదానికి కూర్చున్న చాలామందికి ఇలాగే అవుతుంది. ఇంగ్లీషు వాక్యంలో నామవాచకం కనిపిస్తే తెలుగులోనూ ఒక నామవాచకం వెతికి పెట్టాలనుకుంటాం. తెలుగు చాలాచోట్ల ఆ పని క్రియతో చేస్తుంది.

ముందు ‘ఉనికి’ సంగతి. ‘ఉండు’కు చుట్టమైన మాట ఇది. ఉండడం, ఉండే చోటు, రెండూ దీని అర్థాలే. ఉనికిపట్టు అంటే నివాసం. ‘చంద్రుడి మీద నీటి ఉనికిని గుర్తించారు’ అంటాం, తప్పులేదు. అక్కడ నీరు ఉందని తేలింది కాబట్టి. ‘దెయ్యాల ఉనికికి రుజువులు లేవు’ అన్నా సరిపోతుంది, అక్కడ చర్చ ఉన్నాయా లేవా అన్నదే కాబట్టి. కానీ మీ వ్యాసకర్త చెప్పేది అది కాదు. ఆ మనిషికి అక్కడ ఏదో ఉందని తోచింది. నిజంగా ఉందో లేదో తనకే తెలియదు. ‘ఉనికిని అనుభూతి చెందాను’ అనగానే, అది ఉండనే ఉంది, నేను దాన్ని పసిగట్టాను అన్న అర్థం వచ్చేస్తుంది. మూలంలో లేని పూచీ అనువాదకురాలి నెత్తిన పడుతుంది.

ఈ పూచీ విషయంలో తెలుగు మహా జాగ్రత్తగల భాష. ‘ఆ కోటలో దెయ్యం ఉంది’ అంటే పూచీ అంతా చెప్పేవాడిదే. ‘ఉందట’ అంటే ఎవరో అన్నారు, నన్ను నిలదీయకండి అని. ‘ఉన్నట్టుంది’ అంటే తలుపు దానంతట అది కదలడమో, దీపం కొట్టుకోవడమో, ఏదో ఆనవాలు చూసి ఊహిస్తున్నానని. ‘ఉన్నట్టు అనిపించింది’ అంటే ఆనవాలు కూడా లేదు, నా మనసుకు అలా తోచింది, అంతే. ‘అట’, ‘అట్టు’ అనే రెండు చిన్న ముక్కలు ఇంత పని చేస్తున్నాయి. ఇంత సదుపాయం చేతిలో పెట్టుకుని ఉనికి దగ్గరికి వెళ్లడం ఎందుకు?

‘అనిపించింది’లో ఇంకో సొగసు ఉంది. ‘నేను అనుభూతి చెందాను’లో నేను కర్త. ‘నాకు అనిపించింది’లో నేను కర్తను కాను. ఆ తోచడం నా ప్రమేయం లేకుండా నాకు జరిగింది. ఆకలేసింది, భయమేసింది, చలేసింది అన్న వరసలోదే ఇదీను. వద్దనుకున్నా వచ్చి మీద పడే అనుభవానికి ఈ వాక్యం కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. (‘అనుభూతి’లోనూ ‘భూతం’లోనూ ఉన్నది ఒకే సంస్కృత ధాతువు, ‘భూ’. మీరు కావాలని రాసి ఉంటే గొప్ప శ్లేష అయ్యేది!)

ఇంగ్లీషువాళ్లయినా ఎప్పుడూ నామవాచకమే వాడరు. అంటార్కిటికా యాత్రికుడు షాకల్‌టన్ 1916లో మరో ఇద్దరితో కలిసి దక్షిణ జార్జియా దీవిలోని మంచుకొండలను 36 గంటల పాటు నడిచి దాటాడు. ఆ నడకలో తాము ముగ్గురం కాదు, నలుగురం అని తనకు చాలాసార్లు అనిపించిందని తర్వాత రాసుకున్నాడు. అందులో దెయ్యం లేదు, ఉనికి లేదు, అదృశ్యం లేదు. ఉన్నదల్లా ఒక లెక్క తప్పడమే. చదివినప్పుడు ఒళ్లు గగుర్పొడిచేది ఆ లెక్క దగ్గరే. తెలుగు చేయాల్సి వస్తే ‘నాలుగో ఉనికి’ అని ఎవరైనా రాస్తారా?

మీ అక్కగారి ‘సాన్నిధ్యం’ మంచి మాటే, దాని చోటే వేరు. సన్నిధి నుంచి వచ్చింది. దేవుడి సన్నిధి, గురువుగారి సన్నిధి, అమ్మ సాన్నిధ్యం అంటాం. దగ్గరగా ఉంటే మనసుకు ఊరట కలిగించే వాళ్లకు చెల్లే మాట. చనిపోయిన అమ్మమ్మ ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు అనిపించి, అది ధైర్యంగా కూడా తోస్తే, అక్కడ నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. వెనకనుంచి ఎవరో చూస్తున్నట్టు అనిపించి కాళ్లు వణికే చోట మాత్రం వద్దు.

నామవాచకమే కావాలని పట్టుబడితే తెలుగులో ‘పొడ’ ఉంది. ‘వాడి పొడ నాకు గిట్టదు’ అంటామే, ఆ పొడ. ఎదుట ఉండడం, కనబడడం దాని అర్థం. పత్రికల్లో ‘విభేదాలు పొడసూపాయి’ అని రాసేదీ ఇదే. అయితే ఇప్పుడది ‘గిట్టదు’ పక్కన తప్ప విడిగా బతకడం లేదు. ‘కోటలో ఏదో పొడ తగిలింది’ అంటే నలుగురిలో ఇద్దరు అచ్చుతప్పు అనుకుంటారు.

‘అలికిడి’ కూడా చాలామందికి తడుతుంది. అలికిడి అంటే చిన్న చప్పుడు, మసలుతున్న సవ్వడి. చెవికి ఏదో ఒకటి వినపడాలి. ‘అలికిడైంది’ అంటే విన్నట్టు, ‘అలికిడి లేదు’ అంటే నిశ్శబ్దమన్నట్టు. ఏ చప్పుడూ లేకుండానే ఎవరో ఉన్నట్టు తోస్తే అది అలికిడి కాదు. ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. విక్ టాండీ అనే బ్రిటిష్ ఇంజినీరు పనిచేసే ప్రయోగశాలలో రాత్రిపూట చలి పుట్టడం, పక్కన ఎవరో ఉన్నట్టు అనిపించడం, కంటి చివర బూడిదరంగు ఆకారం మెదలడం జరిగేవి. చివరికి ఆయన తేల్చిందేమంటే, గదిలో కొత్తగా బిగించిన ఫ్యాను సెకనుకు దాదాపు 19 కంపనాల ధ్వని పుట్టిస్తోందని. మన చెవికి సుమారు 20 కన్నా తక్కువ వినపడవు. 1998లో ఆయన దీని మీద పరిశోధన పత్రం వెలువరించాడు. అన్ని పాత భవనాల సంగతీ ఆ ఒక్క ఫ్యానుతో తేలదు గానీ, ఆ గది వరకు అది వినపడని అలికిడి అన్నమాట. అలికిడికి నేనిచ్చిన అర్థాన్ని నేనే కాస్త సడలించుకోవాల్సి వస్తోంది.

ఇక ‘ఎవరో’, ‘ఏదో’. ‘ఇంట్లో ఎవరో ఉన్నారు’ అంటే దొంగ కావచ్చు, చుట్టం కావచ్చు, మనిషే. ‘ఇంట్లో ఏదో ఉంది’ అంటే పిల్లి కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఆ ‘ఇంకేదైనా’ దగ్గరే భయమంతా. తెలుగు క్రియ ఊరుకోదు, ఉన్నది మనిషా కాదా అని తేల్చమంటుంది. ‘ఉన్నట్టు’ అనగానే ఆ పేచీ పోతుంది. ఉన్నాడా, ఉన్నారా, ఉందా అన్నవన్నీ అందులో కరిగిపోతాయి. వచ్చింది ఎవరో, ఏమిటో తెలియని స్థితికి ఇంతకన్నా సరిపడే రూపం నాకు తోచడం లేదు.

దెయ్యాన్ని మాత్రం మన వ్యాకరణం మనుషుల్లోంచి తీసేసింది. దెయ్యం వచ్చింది, దెయ్యాలు తిరుగుతున్నాయి అంటాం. మగ దెయ్యమైనా ‘వచ్చాడు’ అనం. లండన్ టవర్ అనే పాత కోటలో ఆన్ బొలీన్ కనిపిస్తుందని చెప్పుకుంటారు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ భార్య ఈమె, 1536లో అక్కడే తల తీశారు. ఆమె గురించి రాసేటప్పుడు ‘రాణిగారు తిరుగుతున్నారట’ అనవచ్చు, ‘రాణి దెయ్యం తిరుగుతోందట’ అనవచ్చు. దెయ్యం అన్న మాట చేరగానే గారూ పోయింది, బహువచనమూ పోయింది. బ్రహ్మరాక్షసుడికీ బేతాళుడికీ ‘డు’ ఉంది కాబట్టి వాళ్లు మాత్రం ‘ఉన్నాడు’ అనిపించుకుంటారు. (బేతాళుడికి ఒత్తు పెట్టకండి. సంస్కృత వేతాళుడే తెలుగులో బేతాళుడయ్యాడు. ‘భే’ ఎక్కడినుంచీ రాలేదు.)

దెయ్యానికీ భూతానికీ తేడా వాడుకలో చాలావరకు చెరిగిపోయింది. పుట్టుకలో మాత్రం ఉంది. సంస్కృత ‘దైవం’ తెలుగులో దయ్యమైంది. తమిళులు దెయ్వం అన్నా, మలయాళులు దైవం అన్నా ఇప్పటికీ దేవుడే. మనం, ‘దెవ్వ’ అనే కన్నడిగులూ ఆ మాటను అటునుంచి ఇటు దించేశాం. ‘భూతం’ అంటే అసలు ఉన్నది, అయినది. పంచభూతాలు, భూతదయ, భూతకాలం, వీటిలో భయపడాల్సిందేమీ లేదు. ‘ప్రేతం’ అంటే వెళ్లిపోయినది. వెళ్లిపోయినదానికీ ఉన్నదానికీ కలిపి ‘భూతప్రేతాలు’ అని జంటకట్టేశాం. తెలుగు బైబిల్ అనువాదకులు మాత్రం ఒక తేడా పాటించారు. మనిషిని పట్టేదాన్ని దయ్యం అన్నారు. యేసు నీళ్ల మీద నడిచి వస్తుంటే శిష్యులు బెదిరి అనుకున్నదాన్ని భూతం అన్నారు. ఒకటి పట్టేది, ఒకటి కనబడేది. మీ వ్యాసానికి ఈ తేడా పనికొస్తుందేమో చూడండి.

‘పట్టడం’ అన్నాను కాబట్టి చెబుతున్నా, దెయ్యం మనుషులనే పడుతుంది, ఇళ్లను కాదు. ‘దెయ్యం పట్టిన భవనం’ అని ఈమధ్య తరచూ కనిపిస్తోంది. ‘దెయ్యాలు తిరిగే భవనం’ అంటే చాలు. కాస్త చులకనగా అనాలంటే ‘దెయ్యాల కొంప’ ఉండనే ఉంది. ‘భూతగృహం’ లాంటివి కల్పించొద్దు. మనుషులు లేక వెలితిగా ఉన్న ఇంటిని ‘ఇల్లు బావురుమంటోంది’ అంటాం. పాత భవనం గురించి రాసేటప్పుడు ఆ ఒక్క మాట చేసే పని పది విశేషణాలు చేయవు.

మీరు అడగనిది ఒకటి. ‘చారిత్రాత్మక’ అనే మాట లేదు. చరిత్ర, ఆత్మక కలిస్తే ‘చరిత్రాత్మక’ అవుతుంది. కట్టడాలకు ‘చారిత్రక’ చాలు. ఆ కట్టడంలో ఆత్మ ఉందో లేదో గానీ, మీ వాక్యంలోకి మాత్రం అక్కర్లేని ఆత్మ ఒకటి దూరింది.

ఇవన్నీ దిద్దితే మీ వాక్యం ఇలా ఉంటుంది: ‘ఆ పాత కోటలో అడుగుపెట్టగానే, నాతోపాటు ఇంకెవరో ఉన్నట్టు అనిపించింది.’ అది చారిత్రక కట్టడమని మూలంలో నొక్కి చెప్పి ఉంటే ‘ఆ చారిత్రక కట్టడంలో’ అని మార్చుకోండి. ‘అదృశ్య’ అక్కర్లేదు, కనబడి ఉంటే ‘అనిపించింది’ అనరు కదా.

దయ్యం, దెయ్యం రెండూ సరైనవే. పాత నిఘంటువుల్లో దయ్యం, ఇప్పటి వాడుకలో ఎక్కువగా దెయ్యం. యకారం పక్కనున్న ‘అ’ ఇలా ‘ఎ’ వైపు జరగడం వింతేమీ కాదు, ‘శయ్య’ కూడా ‘సెజ్జ’ అయింది. మీరు ఉత్తరంలో దెయ్యం అనే రాస్తూ వచ్చారు కాబట్టి వ్యాసంలోనూ దాన్నే ఉంచేయండి. ఒక పేజీలో దయ్యం, మరో పేజీలో దెయ్యం మాత్రం వద్దు, రెండు వేరు వేరు జాతులనుకునే ప్రమాదం ఉంది.