పత్తి సంచి ఖరీదు ఒక డాలరు: ‘గ్రేప్స్ ఆఫ్ రాత్’ మీద పాఠకుల ప్రశ్నలు

జాన్ స్టైన్‌బెక్ 1939లో వెలువరించిన ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఓక్లహోమాలో కౌలు పొలం పోగొట్టుకున్న జోడ్ కుటుంబం పాత కారును ట్రక్కుగా మార్చుకుని, పని వెతుక్కుంటూ కాలిఫోర్నియాకు వెళ్లడం దీని కథ.

డిగ్రీ పరీక్షలో ఈ నవలలోని కష్టాల గురించి అడిగారు. దుమ్ము తుఫానుల వల్ల పొలాలు పోయాయని రాస్తే సగం మార్కులే వచ్చాయి. తప్పెక్కడ? – ఒక విద్యార్థిని, నల్గొండ

మీరు రాసింది తప్పు కాదు, సగం జవాబు. మొదటి అధ్యాయం నిండా దుమ్మే కాబట్టి చాలామంది అక్కడే ఆగిపోతారు. ఒకసారి మ్యాపు చూడండి. దుమ్ము తుఫానులు ఘోరంగా దెబ్బతీసింది ఓక్లహోమా పడమటి కొసను. జోడ్‌ల ఊరు సాలిసా తూర్పు కొసన ఉంది. వాళ్లను పొలంలోంచి వెళ్లగొట్టింది అప్పు, ట్రాక్టరు.

ఐదో అధ్యాయం మళ్లీ చదవండి. పత్తి మీద పత్తి వేసి నేల సారం పోయింది. భూమి బ్యాంకుల చేతికి, కంపెనీల చేతికి పోయింది. ఒక్క ట్రాక్టరు పన్నెండు, పద్నాలుగు కుటుంబాల సేద్యం చేసేస్తుంటే ఇక కౌలుదారుతో పనేముంది? ఆ ట్రాక్టరు తోలేవాడు పరాయివాడు కూడా కాదు, ఆ ఊరి కుర్రాడే. రోజుకు 3 డాలర్ల కోసం ఎక్కాడు. ఇల్లు కూలుస్తావా, కాల్చేస్తానని కౌలుదారు తుపాకీ పట్టుకుంటే, నన్ను చంపితే రేపు ఇంకొకడొస్తాడు అంటాడు. పోనీ బ్యాంకు ప్రెసిడెంటును కాలుద్దామంటే ఆయనకూ పైనుంచే ఆర్డర్లు. ఎవరి మీద తిరగబడాలో తెలియకపోవడం ఈ నవలలో మొదటి కష్టం. ఆకలి ఆ తర్వాత వస్తుంది.

నవల పేరు పెట్టి చెప్పని సంగతి ఒకటి కూడా జవాబులో చేర్చండి. పత్తి సాగు తగ్గిస్తే డబ్బిచ్చే చట్టం 1933లో వచ్చింది. ఆ డబ్బు ఎక్కువగా భూయజమానుల చేతిలోనే ఆగింది. సాగు తగ్గించడానికి వాళ్లు ముందుగా తీసేసింది కౌలుదారులనే. కాగితం ఒకరి పేరున, సేద్యం ఇంకొకరిది అయినచోట సాయం ఎవరికి చేరుతుందో మన కౌలు రైతులకు విడమరచి చెప్పనక్కర్లేదు.

కథ మధ్యలో జోడ్‌లు లేని అధ్యాయాలు వస్తున్నాయి. వదిలేసి చదవొచ్చా? – హన్మకొండ

వదలొద్దు. మొత్తం 30 అధ్యాయాల్లో 16 అలాంటివే. అవి లేకపోతే ఇది ఒక ఇంటి గోడు మాత్రమే అవుతుంది. చదవడం బరువనిపిస్తే ముందు 5, 14, 17, 25 చదవండి. ఐదులో ట్రాక్టరు, ఇరవై ఐదులో ధర కోసం పారబోసిన పంట. పద్నాలుగోది చిన్నదే కానీ నవలకు ఇరుసు. ‘నా భూమి పోయింది’ అనుకునే ఇద్దరు ఒకే కాలువ పక్కన దిగి, ‘మన భూమి పోయింది’ అనుకోవడం అందులోనే మొదలవుతుంది. ఒకరి దగ్గర కాస్త తిండి ఉంది, ఇంకొకరి దగ్గర లేదు. రెండూ కలిస్తే ‘మన దగ్గర కాస్త తిండి ఉంది’ అవుతుంది. పదిహేడులో ఇరవై కుటుంబాలు ఒక్క రాత్రికి ఒక ఊరిలా మారి, తెల్లారగానే గుడారాలు పీక్కుని వెళ్లిపోతాయి.

నేను మెకానిక్‌ని. దారిలో కారు రిపేరు చేసే భాగం అన్ని పేజీలు ఎందుకు రాశాడు? – ఆటోనగర్, విజయవాడ

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. విమర్శకులు తొందరగా దాటేసే చోటు అది.

సంగతి ఇదీ. దారిలో కలిసిన విల్సన్ దంపతుల గుడారంలో జోడ్‌ల తాత చనిపోతాడు. విల్సన్ భార్య తన దుప్పటి ఇచ్చి సాగనంపుతుంది. విల్సన్ కారు కదలకపోతే జోడ్‌ల కొడుకు అల్ బాగుచేస్తాడు. ఆ తర్వాత ఒక ఒప్పందానికి వస్తారు. పన్నెండు మందితో క్రుంగిపోతున్న ట్రక్కు నుంచి కొంత బరువు కారులోకి మారుతుంది, కారును జోడ్ కుర్రాళ్లు నడుపుతారు. బాగా గమనించాల్సింది ఇక్కడే. ఇది దానం కాదు. ఒకరికి బరువు తగ్గాలి, ఇంకొకరికి మెకానిక్ కావాలి. ఇద్దరి అవసరాలూ కలిశాయి.

తర్వాత కారు కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోతుంది. అలాగే నడిపితే క్రాంక్‌షాఫ్ట్ గీతలు పడి ఇంజనే పోతుందని మీకు తెలుసు, అల్ అన్న టామ్‌కీ తెలుసు. నేనూ కేసీ (జోడ్‌లతో వస్తున్న మాజీ పాస్టరు) ఇక్కడ ఉండి బాగుచేస్తాం, మీరు ముందు వెళ్లండని టామ్ చెప్పిన మాట లెక్క ప్రకారం సరైనదే. తల్లి మాత్రం జాకీ రాడ్ చేతబట్టి అడ్డం నిలుస్తుంది. మనకు మిగిలింది ఒకరికొకరం మాత్రమేనని, కదిలితే అందరం కదలాలని ఆమె పట్టు. ఇంటి పెత్తనం తండ్రి చేతిలోంచి తల్లి చేతిలోకి మారేది అక్కడే.

కుర్రాళ్లు పాత సామాన్ల కొట్టులో రాడ్, పిస్టన్ సంపాదించి రాత్రి టార్చి వెలుగులో బిగిస్తారు. రింగులు లోపలికి నొక్కి పట్టడానికి సన్నటి ఇత్తడి తీగ చుడతారు. ఇంజను నడిచాక వేడికి అది కరిగిపోతుంది. రింగ్ కంప్రెసర్ లేని చోట చేతివాటం ఉన్నవాడు చేసే పని. పూర్తి పేజీలు పెట్టి రాసింది అందుకే: ఈ జనానికి తోడు నిలవడమంటే గ్రీజు పట్టిన చేతులతో చేసే పని.

కూలీలు వేలల్లో ఉన్నారు కదా, అందరూ ఒక్క మాట మీద నిలబడితే కూలి రేటు ఎలా తగ్గించగలిగారు? – గుంటూరు

నవలకు గుండెకాయ మీ ప్రశ్న. జవాబు అంకెల్లో ఉంది.

దారిలో ఎదురైన ఒక మనిషి కరపత్రం గుట్టు విప్పుతాడు. రైతుకు కావలసింది 800 మంది. కరపత్రాలు 5,000 వేస్తాడు. చేతులు మారి ఏ 20,000 మందో చూస్తారు. రెండు మూడు వేల మంది బయల్దేరి వస్తారు. వచ్చేసరికి జేబులో పెట్రోలు డబ్బులు ఉండవు, వెనక్కి పోలేరు. ఇంట్లో ఆకలితో ఉన్న పిల్లలుంటే ఎంతకైనా ఒప్పుకుంటారు. పాలమూరు వలస కూలీలను మేస్త్రీ అడ్వాన్సు అప్పుతో కట్టేసేవాడు. కాలిఫోర్నియాలో అడ్వాన్సు లేదు, అప్పు లేదు. పక్కవాడి ఆకలే అక్కడ ముకుతాడు.

చిన్న రైతుకూ చేతులు కట్టేసి ఉంటాయి. గంటకు 30 సెంట్లు ఇస్తున్న ఒక రైతు 25కు తగ్గించాల్సి వస్తుంది. పెద్ద రైతుల సంఘం అలా నిర్ణయించింది, కాదంటే వచ్చే ఏడు బ్యాంకు పంట అప్పు ఇవ్వదు. ఆయన సిగ్గుపడుతూనే ఆ మాట చెబుతాడు.

ఇక పీచ్ పండ్ల తోట. పెట్టెకు 5 సెంట్లు. పండు నలిగితే ఆ పెట్టె లెక్కలోకి రాదు. మొదటి రోజు ఇంటిల్లిపాదీ కోసి సంపాదించింది ఒక డాలరు, అంటే 20 పెట్టెలు. ఆ డాలరుకు చీటీ ఇస్తారు, అది తోట యజమాని కొట్లోనే చెల్లుతుంది. తల్లి కొన్నవి చూడండి: 2 పౌన్ల మాంసం 40 సెంట్లు, రొట్టె 15, 5 పౌన్ల బంగాళాదుంపలు 25, కాఫీపొడి 20. డాలరు అయిపోయింది. టౌనులో ఇవే ఇంకా చవక, కానీ అంత దూరం వెళ్లడానికి పెట్రోలు కావాలి. కాఫీలోకి చక్కెర లేదు. అప్పు ఇవ్వడానికి వీల్లేని గుమాస్తా తన జేబులోంచి 10 సెంట్లు గల్లాలో వేస్తాడు. కష్టమొస్తే పేదవాళ్ల దగ్గరికే వెళ్లాలి, సాయం చేసేది వాళ్లేనని తల్లి అతనితో అంటుంది. అంత చిన్న సన్నివేశంలో అంత బరువు పెట్టడం స్టైన్‌బెక్‌కే చెల్లింది.

అసలు దెబ్బ ఆ రాత్రి తెలుస్తుంది. గేటు బయట అరుస్తున్నవాళ్లు సమ్మెలో ఉన్న కూలీలు. వాళ్లకు ఇస్తామన్నది రెండున్నర సెంట్లే. జోడ్‌లకు 5 సెంట్లు దక్కింది ఆ సమ్మె వల్లే, అంటే తెలియకుండానే సమ్మెను విరగ్గొట్టడానికి వచ్చారు. అక్కడి నాయకుడు, జోడ్‌లతో కలిసి వచ్చిన ఆ కేసీనే, కొట్టి చంపుతారు. సమ్మె విరిగింది, మర్నాటికల్లా రేటు రెండున్నరకు దిగింది. లోపలివాళ్లకు బయటివాళ్ల మాట చేరనంత కాలం ఒక్కమాట మీద నిలబడటం కుదరదని నవల ఇంతకంటే స్పష్టంగా చెప్పలేదు.

పత్తి ఏరడంలోనూ ఇదే తంతు. సంచి లేనివాడు యజమాని దగ్గరే కొనాలి, ఒక డాలరు. కూలి 100 పౌన్లకు 80 సెంట్లు, రెండో విడత ఏరితే 90. అంటే మొదటి 125 పౌన్లు, మన లెక్కలో దాదాపు 57 కిలోలు, సంచి బాకీకే పోతాయి. కాటాలో మోసం, దానికి జవాబుగా సంచిలో రాళ్లు. రెండూ ఉన్నాయని రచయిత దాచకుండా రాశాడు.

ప్రభుత్వ శిబిరంలో అంతా బాగుంటే ఎందుకు వదిలి వెళ్లారు? – ఒంగోలు

పని లేక. వీడ్‌ప్యాచ్ శిబిరంలో వారానికి ఒక డాలరు అద్దె, డబ్బు లేకపోతే శుభ్రం చేసే పనితో తీర్చుకోవచ్చు. ఒక్కో స్నానాల విభాగం నుంచి ఒకరిని ఎన్నుకుంటారు, కమిటీ వాళ్లదే, శనివారం డాన్సు కాపలా కూడా వాళ్లదే. వారంటు లేకుండా పోలీసులు లోపలికి రాకూడదు. అల్లరి లేపి ఆ వంకతో పోలీసులను రప్పించాలని చూసినవాళ్లను ఒక్క దెబ్బా కొట్టకుండా బయటికి పంపేస్తారు. మర్యాద, వేడినీళ్లు, భద్రత దొరికాయి. దొరకనిది కూలి. గోధుమపిండి అడుగంటాక మర్యాదతో కడుపు నిండదు.

ఇలాంటి శిబిరం నిజంగానే కాలిఫోర్నియాలో ఆర్విన్ దగ్గర ఉండేది. దాని మేనేజరు టామ్ కాలిన్స్‌కే నవలలో సగం అంకితం.

చివరి సన్నివేశం అసభ్యమని మా చదువరుల బృందంలో వాదన జరిగింది. – తిరుపతి

వరద, చచ్చి పుట్టిన బిడ్డ, కొట్టంలో ఆరు రోజులుగా తిండి లేని అపరిచితుడు. జోడ్‌ల కూతురు, బాలింత రోజ్ ఆఫ్ షారన్ అతనికి పాలిస్తుంది. ఆ మనిషిని ముందే పరిచయం చేయమని ప్రచురణకర్త కోరితే స్టైన్‌బెక్ ఒప్పుకోలేదు, అతను ఎవరో తెలియనివాడే అయి ఉండాలన్నాడు. ఆయన మాటే సరైనదని మా అభిప్రాయం. విల్సన్‌లతో ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. ఇక్కడ తిరిగి వచ్చేది ఏమీ లేదు. సాయం ఇంటి గడప దాటి పూర్తిగా బయటికి వచ్చింది కాబట్టే కథ అక్కడ ఆగింది.

ఇందులో ఉన్నది అంతా నిజమేనా? – కర్నూలు

చాలావరకు. స్టైన్‌బెక్ 1936లో శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక కోసం ఈ శిబిరాలు తిరిగి వ్యాసాలు రాశాడు. అబద్ధాలని పెద్ద రైతులు గోల చేశారు, కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీ 1939 ఆగస్టులో లైబ్రరీల నుంచి పుస్తకాన్ని తీసేయించింది. 1940లో అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ శిబిరాలు చూసి, నవలలో అతిశయోక్తి లేదన్నారు. అయితే లోపం ఒకటుంది. ఆ తోటల్లో అంతకుముందు నుంచీ పనిచేసి, సమ్మెలు కట్టిన మెక్సికన్, ఫిలిప్పీన్ కూలీలు ఈ కథలో దాదాపు కనిపించరు.

ఇది నచ్చితే సనోరా బాబ్ నవల ‘హూజ్ నేమ్స్ ఆర్ అన్‌నోన్’ కూడా చదవండి. ఆమె అవే శిబిరాల్లో పనిచేసి రాసింది. స్టైన్‌బెక్ పుస్తకం ముందుగా వచ్చేయడంతో ప్రచురణకర్త వెనక్కి తగ్గాడు. ఆమె పుస్తకం 2004లో వెలువడింది.