ముక్కు గొట్టంతో ఇంటికొచ్చిన పిల్లాడి అమ్మకి

అమ్మడూ,

బాబుని విశాఖ ఆసుపత్రి నుంచి గుణుపూర్ తీసుకొచ్చేశారని మీ అమ్మ చెప్పింది. మొన్న ఫోన్లో నువ్వు అడిగింది ఒక్కటే, "ఏ దేవుడికి మొక్కుకోమంటావు పెద్దమ్మా?" అని. మొక్కు సంగతి తర్వాత చెప్తాను. మా అమ్మాయికీ సెరిబ్రల్ పాల్సీయే, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పడం, పైగా ఫిట్స్. అది పుట్టినప్పటి నుంచి ఈ పర్లాకిమిడి ఇంట్లో పూజా ఆగలేదు, మందూ ఆగలేదు. రెండూ ఒకదానికొకటి అడ్డం రాకుండా ఎలా నడుస్తాయో, అది రాస్తాను.

మందు వేళ కదలకూడదు. పూజ వేళ కదలొచ్చు. రాత్రి ఎనిమిదికి ఫిట్స్ మందు ఉంటే, హారతి అరగంట ఆగుతుంది. ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలు పిల్లాడికి లేవు. గ్రహణం రోజున మీ అత్తగారు గ్రహణం విడిచేదాకా ఏమీ పెట్టొద్దంటారు. ఆవిడతో వాదన పెట్టుకోకు, ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టంలో పాలూ మందూ మాత్రం టైముకి పొయ్యి. ఫిట్స్ మందు హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. "డాక్టరు రాసిచ్చారు" అను, చాలు. ఉపవాసం నీకూ వద్దు. కళ్లు తిరుగుతుంటే వాణ్ణి ఎత్తుకుని మెట్లెలా దిగుతావు?

ఇక తీర్థం. మింగడం సరిగా రాని పిల్లాడి నోట్లో ఉద్ధరిణెడు నీళ్లు పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. పైగా తీర్థంలో పచ్చకర్పూరం వేస్తారు. కర్పూరం కడుపులోకి వెళితే పిల్లలకి ఫిట్స్ రేగుతాయి, ఈ మాట చాలామంది పూజారులకి తెలియదు. నేను చేసేదేమిటంటే, తీర్థం నా అరచేతిలో పట్టించుకుని నేను తాగి, తడి వేలితో దాని నుదుట అద్దుతాను. గుళ్లో ఎవరూ కాదనలేదు. తులసాకులూ ప్రసాదమూ మెత్తగా నూరి గొట్టంలో వేద్దామనుకోకు, గొట్టం పూడుకుపోతుంది. పాలు పట్టే ముందు ముక్కు దగ్గర గొట్టం మీద పెట్టిన గుర్తు జరిగిందేమో చూడు. జరిగితే పాలు పట్టకుండా ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. పట్టినంతసేపూ, తర్వాత అరగంటా తల ఎత్తులో ఉంచు. చివర వాళ్లు చెప్పినన్ని నీళ్లు పంపి గొట్టం కడుగు.

ఫిట్స్ వచ్చినప్పుడు పక్కింటివాళ్లు తాళాల గుత్తి పట్టుకొస్తారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు, కర్పూరం తెస్తారు. ప్రేమతోనే తెస్తారు, అయినా అన్నీ పక్కన పెట్టించు. వాణ్ణి ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టు, నోట్లో చెంచా గానీ వేలు గానీ పెట్టకు, గడియారం చూడు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యాల్సిందే. ఫిట్స్ ఆగడానికి ముక్కులో కొట్టే స్ప్రే రాసిచ్చారా, ఇంట్లో అది ఎప్పుడు వాడాలి అని డాక్టర్ని కనుక్కో. హనుమాన్ చాలీసా చదువుకుంటానంటే చదువుకో, కళ్లు మాత్రం గడియారం మీద ఉండాలి.

పూర్వజన్మ పాపం అనేవాళ్లు వస్తారు. కాఫీ ఇచ్చి పంపించెయ్. వాతలు పెట్టిస్తే తగ్గుతుందనేవాళ్లని మాత్రం గుమ్మం దాటనివ్వకు, వాళ్లు అయినవాళ్లైనా సరే.

కాగితాల సంగతి. మన ఇంట్లో మాట్లాడేది తెలుగైనా రేషన్ కార్డు ఒడిశాది, కాబట్టి ఆంధ్రావాళ్ల ఎన్టీఆర్ వైద్య సేవ మనకి రాదు. 2025 ఏప్రిల్ నుంచి ఇక్కడ కేంద్రంవాళ్ల ఆయుష్మాన్ ఆరోగ్య బీమాతో పాటు గోపబంధు జన ఆరోగ్య యోజన నడుస్తోంది. కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షలు, ఆడవాళ్లకి అదనంగా మరో అయిదు. విశాఖలో చేర్చేముందు ఆ ఆసుపత్రి ఈ కార్డు తీసుకుంటుందో లేదో కౌంటర్లో అడుగు. వికలాంగుల యూడీఐడీ కార్డు దేశమంతా చెల్లుతుంది, ముందు అది చేయించు. తర్వాత నిరామయ బీమా. సెరిబ్రల్ పాల్సీ పిల్లలకి ఏడాదికి లక్ష వరకు, బయట చూపించుకున్న ఖర్చుకీ థెరపీకీ కూడా వర్తిస్తుంది. మందు కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరు, ఎన్ని మిల్లీలీటర్లో ఒక కాగితం మీద రాసి సంచిలో పెట్టుకో. బరంపురంలో రాత్రి డ్యూటీ డాక్టరుకి ఒడియాలో కథంతా చెప్పేకంటే ఆ కాగితం చూపించడం తేలిక.

ఇప్పుడు మొక్కు. ఒక్కటి చాలు, అదీ డబ్బు మొక్కు వద్దు. ఫిజియోథెరపీకి దాచింది హుండీలో వెయ్యకు. తలనీలాలు సింహాచలంలో ఇవ్వాలనుకుంటే చలికాలం దాకా ఆగు, ఎండలో క్యూ ఆ పిల్లాడికి పడదు. ఆలస్యమైతే వడ్డీకాసులవాడైనా పసివాడి దగ్గర వడ్డీ వసూలు చెయ్యడులే. "నయం చెయ్యి, ఇదిస్తాను" అని బేరం పెడితే, పిల్లాడికి జ్వరం వచ్చిన ప్రతిసారీ నువ్వేదో తక్కువ ఇచ్చావనిపిస్తుంది. నేనైతే రోజూ పొద్దున్న ఆ రోజుకి సరిపడా ఓపిక అడుగుతాను. అరసవల్లి స్వామికి దణ్ణం పెట్టుకుని సిరప్ సిరంజిలోకి లాగుతాను. నాకు ఆ రెండూ కలిపి ఒకే పని అయిపోయాయి.

గుడి నుంచి నీకు రావాల్సింది ఇంకొకటుంది, మనుషులు. మీ వీధి లలితా పారాయణం బృందంలో ఎవరైనా "ఏం చెయ్యమంటావమ్మా" అంటే "ఏం వద్దండీ" అనకు. శుక్రవారం రెండు గంటలు బాబు దగ్గర కూర్చోమను. ముందు ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో చూపించు. గొట్టం పని మాత్రం ఆసుపత్రివాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లకే వదులు, మీ ఆయన కూడా నేర్చుకోవాలి, సిగ్గేం లేదు.

వచ్చే వారం గుణుపూర్ బండెక్కి వస్తాను. వాడికి పాలు పట్టే పద్ధతి నాకోసారి చూపించి, నువ్వు రాయగడ మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లిరా. ఒక్కదానివే వెళ్లు.

మీ పెద్దమ్మ